మెంతి నీళ్లు తాగితే షుగర్ మాత్ర మానేయొచ్చా?

ఉత్తరం: నమస్తే అండీ. మేం కూకట్‌పల్లిలో ఉంటాం. ఏడాదిగా మా అత్తగారు, మామగారు మాతోనే ఉంటున్నారు. వాళ్లది తెనాలి దగ్గర పల్లెటూరు. అత్తగారికి 63 ఏళ్లు, తొమ్మిదేళ్లుగా షుగర్ ఉంది. మామగారికి బీపీ, రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ కూడా వేశారు. ఈ మధ్య అత్తగారు ఫోన్లో వీడియోలు చూసి పరగడుపున మెంతి నీళ్లు, పది గంటలకు దాల్చినచెక్క కషాయం, రాత్రి మిరియాల పొడి వేసిన పసుపు పాలు మొదలుపెట్టారు. మామగారికి ఆన్‌లైన్లో పసుపు క్యాప్సూల్స్ తెప్పించారు. ఇరవై రోజులుగా ఆవిడ షుగర్ మాత్రలు వేసుకోవడం లేదని నిన్ననే తెలిసింది. అడిగితే "మీ డాక్టర్లు పుట్టకముందు నుంచీ మన వంటిల్లే మనకు ఆస్పత్రి" అన్నారు. మసాలా దినుసులు మంచివని నాకూ తెలుసు, కానీ ఇందులో ఏది ఎంతవరకు నిజం? రోజూ వంటలో ఏది ఎంత వాడాలి? ఆవిడ మనసు నొప్పించకుండా ఎలా చెప్పాలి? – ఒక కోడలు, హైదరాబాద్

సమాధానం:

అమ్మా, మీరు అడిగిన మూడు ప్రశ్నలకూ జవాబు చెప్తాను, కానీ ముందు ఇరవై రోజులుగా ఆగిన ఆ మాత్రల సంగతి చూడాలి. ఈ ఉత్తరం మిగతాది తర్వాత చదవండి, ముందు ఆవిడకు మందులు రాసే డాక్టరుకు ఫోన్ చేసి ఇన్ని రోజులుగా వేసుకోలేదని ఉన్నదున్నట్టు చెప్పండి. రేపు పొద్దున పరగడుపున ఒకసారి, టిఫిన్ తిన్న రెండు గంటలకు ఒకసారి షుగర్ చూపించండి, దాంతోపాటు హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా చేయించండి, అది గడిచిన రెండు మూడు నెలల సగటు చెప్తుంది. మాత్ర మళ్లీ ఏ మోతాదులో మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి, పాత చీటీ చూసి మీరు వేయకండి.

ఇంత తొందరపెట్టడానికి కారణం ఉంది. మా పిన్ని ఇలాగే కాకరకాయ రసం, మెంతి నీళ్లు నమ్ముకుని నాలుగు నెలలు మాత్రలు మానేసింది. ఒంట్లో బాగానే ఉందనేది, నీరసం కూడా లేదనేది. షుగర్‌తో వచ్చిన చిక్కే అది, బాగా ముదిరేదాకా చాలామందికి ఏ బాధా తెలియదు. చెప్పు కరిచిన చిన్న పుండు మానలేదు, పసుపు రాసింది, వేపాకు నూరి కట్టింది, చివరికి ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి కాలి వేలు తీసేయాల్సి వచ్చింది. ఆ వేలు లేని పాదానికి నేనే కట్టు మార్చాను. అందుకే ఈ విషయంలో నాకు మెతకగా మాట్లాడటం రాదు.

ఇప్పుడు మెంతుల దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఆవిడ చెప్పేదాంట్లో నిజం లేకపోలేదు. మీ ఊళ్లోనే, తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1980, 90ల్లోనే షుగర్ ఉన్నవాళ్లకు మెంతులిచ్చి చూశారు. షుగర్ తగ్గింది, కొలెస్ట్రాల్ కూడా తగ్గింది. అయితే వాళ్లు ఇచ్చింది ఎంత? ఒక పరీక్షలో రోజుకు 25 గ్రాములు. మీ ఇంట్లో టీ స్పూన్ తీసుకుని కొలిచి చూడండి, నిండుగా ఆరు స్పూన్లు దాటుతుంది. అదీ వడగట్టిన నీళ్లు కాదు, మెంతుల్ని పొడిచేసి భోజనంతోపాటు ఇచ్చారు. మనం పోపులో వేసేది పావు స్పూను, ఆ పావు స్పూనును ఇంట్లో అయిదుగురం పంచుకుంటాం.

మెంతులు పనిచేసే తీరు మీ కళ్లతో మీరే చూడొచ్చు. రెండు స్పూన్లు గిన్నెలో నానబెట్టి పొద్దున వేలు పెట్టి చూడండి, జిగురుగా సాగుతుంది. అది నీళ్లలో కరిగే పీచు. కడుపులో అన్నంతో కలిసి ఆ జిగురే అడ్డుపడుతుంది, అన్నంలోని పిండి చక్కెరగా మారి రక్తంలోకి ఒక్కసారిగా దూకకుండా నెమ్మదిస్తుంది. అందుకని ఫలితం కావాలంటే మెంతులు నమిలి తినాలి, తిండితోపాటు తినాలి. నీళ్లు మాత్రం తాగి గింజలు పారబోస్తే పీచులో ఎక్కువ భాగం చెత్తబుట్టలోకి పోయినట్టే. మీ అత్తగారు గింజలు ఏం చేస్తున్నారో ఒకసారి గమనించండి.

ఆవిడకు మెంతుల మీద నమ్మకం ఉంది కదా, ఆ నమ్మకాన్ని చెరపొద్దు. ఒక స్పూను మెంతులు రాత్రి నానబెట్టి పొద్దున దోసె పిండిలోనో పెసరట్టు పిండిలోనో రుబ్బేయండి. వారానికి రెండుసార్లు మెంతికూర పప్పు చేయండి. నానిన మెంతుల్ని మూటగట్టి మొలకెత్తిస్తే చేదు కాస్త తగ్గుతుంది, పెరుగులో కలుపుకోవచ్చు. ఇదంతా మాత్ర పక్కన సాగాలి, మాత్ర బదులుగా కాదు. ఇంకో జాగ్రత్త ఉంది. ఆవిడకు రాసినవాటిలో గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర ఉంటే, మాత్ర వేసుకుంటూ స్పూన్లకు స్పూన్లు మెంతులు తింటే షుగర్ మరీ కిందికి పడిపోవచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, కళ్లు తిరగడం, ఉన్నట్టుండి చిరాకు పడటం కనిపిస్తే వెంటనే మూడు నాలుగు స్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించి, పదిహేను నిమిషాల్లో మళ్లీ షుగర్ చూడండి. మెంతులు ఎంత తింటున్నారో డాక్టరుకు చెప్పడం అందుకే ముఖ్యం. చాలామంది చెప్పరు, తిడతారని భయం. మీరు చెప్పండి.

దాల్చినచెక్క దగ్గర మాత్రం నేను నిర్మొహమాటంగా చెప్తాను, ఆ రోజువారీ కషాయం ఆపించండి. మీ డబ్బాలోంచి ఒక చెక్క తీసి చూడండి. చెట్టు బెరడులా మందంగా, గట్టిగా, ఒకే పొరగా ఉండి, చేత్తో విరిస్తే టక్కున విరగకుండా మొండికేస్తుంటే అది కాసియా. మన కిరాణా కొట్లలో దాల్చినచెక్క పేరుతో ఎక్కువగా అమ్మేది ఇదే. సిలోన్ దాల్చినచెక్క వేరు, కాగితం చుట్టల్లా పలచటి పొరలు ఒకదానిలో ఒకటి ఒదిగి ఉంటాయి, చేత్తో నలిపితే పొడవుతుంది, ధర కూడా చాలా ఎక్కువ. కాసియాలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది, సిలోన్ రకంలో దాదాపు లేనట్టే. రోజూ ఎక్కువగా పోతే అది కొందరి కాలేయాన్ని దెబ్బతీస్తుంది. జర్మనీలో ఆహార భద్రత చూసే సంస్థ లెక్క ప్రకారం 60 కిలోల మనిషి ప్రతిరోజూ తీసుకునేటట్టయితే కాసియా పొడి 2 గ్రాములకు మించకూడదు. టీ స్పూన్ నిండా తీస్తే ఆ హద్దు దాటిపోతుంది. బిర్యానీలో, మసాలా కూరలో వేసే ఒకటి రెండు ముక్కలకు ఏ భయమూ లేదు, అది వాసన కోసం వేసేది, మళ్లీ తీసి పక్కన పెట్టేది. నెలల తరబడి రోజూ స్పూన్లతో మరిగించి తాగడమే తేడా. పైగా షుగర్ విషయంలో దాల్చినచెక్క మీద జరిగిన పరీక్షల ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగవు, కొన్నింట్లో కాస్త తగ్గింది, కొన్నింట్లో తేడాయే లేదు. అంత అనుమానపు లాభం కోసం కాలేయాన్ని పణంగా పెట్టడం ఎందుకు?

ఇక పసుపు. తెనాలి వైపు మనుషులకు పసుపు గురించి చెప్పాలంటే జంకుతాను, పక్కనే దుగ్గిరాల పసుపు మార్కెట్ యార్డు, మీ మామగారు పసుపు పండించినా పండించి ఉంటారు. అయినా ఒక లెక్క చెప్తాను, అది మీరు ఆయనతో కూర్చుని వేయండి. పసుపులో మేలు చేస్తుందని అందరూ చెప్పే కర్క్యుమిన్ నూటికి మూడు పాళ్లకు అటూ ఇటూగా ఉంటుంది. నలుగురికి వండే పప్పులో అర స్పూను పసుపు వేశారనుకోండి, అది గ్రామున్నర. అందులో కర్క్యుమిన్ 45 మిల్లీగ్రాములు, మనిషికి 11. మీరు తెప్పించిన క్యాప్సూల్ సీసా మీద చూడండి, చాలావాటి మీద 500 మిల్లీగ్రాములని ఉంటుంది. అంటే నెలన్నర రోజుల పప్పులోని కర్క్యుమిన్ ఒక్క మింగులో లోపలికి పోతోంది. మన తాతలు తిన్న పసుపు వేరు, ఇది వేరు. "తరతరాలుగా తింటున్నదేగా" అన్న మాట పప్పులో పసుపుకు చెల్లుతుంది, క్యాప్సూల్‌కు చెల్లదు.

ఇంకోటి కూడా ఉంది. కర్క్యుమిన్ ఒంటికి సరిగా పట్టదు, వచ్చింది వచ్చినట్టే పోతుంది. 1998లో బెంగళూరులో సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీ వాళ్లు చేసిన పరిశోధనలో, 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల ఘాటుకు కారణమైన పదార్థం, కలిపి ఇస్తే ఒంటికి పట్టడం ఇరవై రెట్లు పెరిగింది. వీడియోల్లో "పసుపులో మిరియాలు వేయండి" అనేది ఇక్కడి నుంచే వచ్చింది, అందులో అబద్ధం లేదు. కానీ మిరియం కేవలం పసుపునే పట్టించదు, కొన్ని మందుల్ని కూడా రక్తంలో ఎక్కువ చేస్తుంది. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, గుండెకు బీపీకి వాడే ప్రోప్రనొలాల్ అలాంటివే. చారులో నాలుగు మిరియపు గింజలకు ఏమీ కాదు. పైపరిన్ కలిపిన పసుపు క్యాప్సూల్స్ మింగేవాళ్లలో కాలేయం దెబ్బతిని ఆస్పత్రి పాలైన కేసులు ఇటలీలో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో బయటపడ్డాయి. మామగారి విషయంలో భయం ఇంకొకటి, స్టెంట్ వేసినవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా మాత్రలు ఇస్తారు, వాటి మీద ఈ క్యాప్సూల్ కూడా తోడైతే రక్తస్రావం జరిగే ప్రమాదం పెరుగుతుంది. వెల్లుల్లి క్యాప్సూల్స్‌కూ ఇదే మాట. ఈరోజే ఆపించండి, సీసాను డాక్టరుకు చూపించండి. కూరలో వేసే వెల్లుల్లిని, పప్పులో వేసే పసుపును మాత్రం ఎవరూ ఆపక్కర్లేదు.

అత్తగారి పసుపు పాలు? మిరియాలు చిటికెడు, పసుపు చిటికెడు వేసుకుంటే తాగనివ్వండి, పంచదార వేయకుండా. గొంతుకు హాయిగా ఉంటుంది, నిద్రకు ముందు వెచ్చగా ఏదో తాగిన తృప్తి ఉంటుంది. ఆ పాలను కూడా రోజు తిండి లెక్కలో కలపండి, అంతే.

పసుపు పేటెంటు కథ మీరు వినే ఉంటారు, మీ అత్తగారు కూడా తప్పకుండా చెప్తారు. పసుపు గాయాలు మాన్పుతుందని 1995లో అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ వైద్య కేంద్రం పేరున పేటెంటు ఇచ్చారు, మన దేశ శాస్త్ర పరిశోధనా మండలి సీఎస్ఐఆర్, మాషెల్కర్ దాని అధిపతిగా ఉన్నప్పుడు పోరాడి 1997లో రద్దు చేయించింది. గర్వపడాల్సిన విషయమే. కానీ అక్కడ గెలిచిన వాదన ఏమిటంటే, ఇది కొత్తగా కనిపెట్టింది కాదు, మా ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే అని. పసుపు షుగర్‌ను, గుండె జబ్బును నయం చేస్తుందని ఆ కేసులో ఎవరూ అనలేదు.

పసుపులో నాకు నిజంగా టెన్షన్ పెట్టేది కల్తీ. గ్లాసుడు గోరువెచ్చటి నీళ్లలో స్పూను పసుపు వేసి కదపకుండా వదిలేయండి. మంచి పసుపు అడుక్కి దిగుతుంది, పైన నీళ్లు లేత పసుపు రంగులో ఉంటాయి. రంగు కలిపిందైతే నీళ్లు మొత్తం చిక్కటి పసుపు రంగు తేలతాయి. అయితే ఈ గ్లాసు పరీక్షకు అన్నీ దొరకవు. బంగ్లాదేశ్‌లో పసుపు కొమ్ములకు మెరుపు రావడానికి లెడ్ క్రోమేట్ అనే సీసం రంగు పూస్తున్నారని 2019లో బయటపడింది, సీసం చిన్నపిల్లల మెదడుకు విషం. అందుకే మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే మరీ జాగ్రత్త. పూల మార్కెట్‌లో బంతిపూల గుట్టలా ధగధగలాడే కొమ్ముల జోలికి వెళ్లకండి. మట్టి రంగులో, గరుగ్గా, దుమ్ము పట్టినట్టు కనిపించే పాలిష్ పట్టని కొమ్ములు కొని, దగ్గరుండి మర పట్టించుకోండి. మీకైతే ఊరి నుంచే తెప్పించుకునే భాగ్యం ఉంది, అత్తగారికే ఆ పని అప్పగించండి. నిజామాబాద్ వైపు చుట్టాలున్నవాళ్లు అక్కడి నుంచి తెప్పించుకోండి.

"రోజూ వంటలో ఏది ఎంత" అని అడిగారు. దీనికి నా జవాబు మీకు నిరాశ కలిగించొచ్చేమో కానీ నేను నిజంగా నమ్మేది ఇదే: మీరు ఇప్పుడు వేస్తున్నంత చాలు. పోపుల పెట్టె గొప్పతనం ఒక్కో గింజలో ఉన్న మందు కంటే, ఆ గింజలు మన చేత ఏం తినిపిస్తాయన్న దాంట్లో ఎక్కువుంది. ఉడికించిన సొరకాయ ముక్కల్ని ఉప్పేసి పెడితే మీ ఇంట్లో ఎవరు తింటారు? అదే సొరకాయకు ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పెట్టి, దించేముందు ధనియాల పొడి చల్లితే గిన్నె ఖాళీ. అరటికాయకు ఆవ పెడితే, బీరకాయకు నువ్వుల పొడి వేస్తే, తోటకూర పప్పులో వెల్లుల్లి చితక్కొట్టి వేస్తే కూర ఎక్కువ, అన్నం తక్కువ పోతుంది. షుగర్ ఉన్న మనిషికి కంచంలో కూర సగమై అన్నం పావు వంతుకు తగ్గితే, అది ఏ కషాయమూ చేయలేని పని.

మామగారి బీపీకి ఇంకా ముఖ్యమైనది ఉప్పు. మనిషికి రోజుకు 5 గ్రాములు దాటొద్దని జాతీయ పోషకాహార సంస్థ చెప్తుంది, అంటే టీ స్పూన్‌కు కాస్త తక్కువ, అందులోనే కూర, పప్పు, చారు, పచ్చడి, మజ్జిగ అన్నీ. మన ఇళ్లలో ఆవకాయ, గోంగూర పచ్చడి, అప్పడాలతోనే సగం పైన అయిపోతుంది. ఉప్పు తగ్గిస్తే చప్పగా ఉందంటారు. ఆ చప్పదనాన్ని తీర్చేది మసాలా దినుసులే. నేను మా ఇంట్లో చేసిన పద్ధతి చెప్తాను: కూరల్లో ఉప్పు ఒక్కసారిగా సగానికి కోయలేదు, వారానికి చిటికెడు చొప్పున తగ్గించాను, తగ్గించినప్పుడల్లా ఏదో ఒకటి పెంచాను, వేయించిన జీలకర్ర పొడి, పిండిన నిమ్మరసం, కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు. రెండు నెలలు తిరిగేసరికి బయట తిన్న కూర మాకు ఉప్పు కషాయంలా అనిపించడం మొదలైంది. నాలుక మారుతుంది, ఓపిక పట్టాలి. సైంధవ లవణం మంచిదని తెచ్చుకుంటారు కొందరు, అదీ ఉప్పే, అందులోనూ సోడియమే.

చారు ఒక్కటి చెప్తాను, ఎందుకంటే కషాయం మాన్పించాలంటే ఆ చేతికి ఇంకో గ్లాసు ఇవ్వాలి. స్పూను మిరియాలు, స్పూను జీలకర్ర, అర స్పూను ధనియాలు మూకుడులో నూనె లేకుండా సన్న సెగ మీద వేయించండి, జీలకర్ర రంగు మారి వాసన ముక్కుకు తగిలిన క్షణం దించేయాలి, ఇంకో నిమిషం ఉంచితే చేదెక్కుతుంది. రోట్లో వేసి పలుకుగా దంచండి, మిక్సీలో మెత్తటి పొడి చేస్తే ఈ రుచి రాదు. నాలుగు వెల్లుల్లి రెబ్బలు పొట్టుతోనే చితక్కొట్టి పది నిమిషాలు పక్కన పెట్టండి, చితికిన తర్వాతే వెల్లుల్లిలో ఆ ఘాటు పదార్థం తయారవుతుంది, కొట్టిన వెంటనే మరిగే నీళ్లలో పడేస్తే అది పుట్టకుండానే పోతుంది. పలచటి చింతపండు రసం, పండిన టమాటా ఒకటి, చిటికెడు పసుపు, రెండు రెమ్మల కరివేపాకు వేసి మరిగించి, దంచిన పొడి చివర్లో వేసి ఒక్క పొంగు రాగానే మూత పెట్టేయండి. పైన స్పూను నెయ్యిలో ఆవాలు, ఇంగువ. ఉప్పు మామూలుగా వేసే దాంట్లో సగం చాలు, మిరియం ఆ లోటు తెలియనివ్వదు. సాయంత్రం అయిదింటికి గ్లాసులో పోసి అత్తగారికి ఇవ్వండి. చారులో వేసిన పసుపు, మిరియాలు, నెయ్యి మూడూ కలిసే ఉన్నాయి, వీడియోలో చెప్పింది కూడా ఇదే కదా అని చెప్పండి.

ఒక్క మాట, ఇదంతా ఆవిడకు గ్యాస్, కడుపులో మంట లేకపోతేనే. 2020లో కరోనా భయంతో ఇళ్లలో మిరియాలు, శొంఠి, లవంగాలు రోజుకు నాలుగైదు సార్లు మరిగించి ఖాళీ కడుపున తాగి, కడుపులో మంటతో డాక్టర్ల దగ్గరికి పరిగెత్తినవాళ్లు మా వీధిలోనే ముగ్గురున్నారు. ఆయుష్ శాఖ అప్పట్లో చెప్పింది రోజుకు ఒకటి రెండుసార్లు మాత్రమే.

మిగతావి గబగబా చెప్తాను. అల్లం వికారానికి బాగా పనిచేస్తుంది, ప్రయాణంలో కడుపు తిప్పినా, నెల తప్పిన మొదట్లో వాంతులైనా చిన్న ముక్క ఉప్పద్దుకుని నమిలితే తేడా తెలుస్తుంది, ఇది పరీక్షల్లో కూడా తేలింది. వాము ఘాటుకు కారణం థైమాల్, కడుపు ఉబ్బరానికి చిటికెడు నమిలి గోరువెచ్చటి నీళ్లు తాగడం మంచి అలవాటే. ఇంగువ కొనేటప్పుడు డబ్బా వెనక చదవండి, మనం కొనేది అచ్చమైన ఇంగువ కాదు, చాలావాటిలో మైదా కలుపుతారు, గోధుమ పడనివాళ్లు బియ్యప్పిండి కలిపినది వెతుక్కోవాలి. కరివేపాకును ఏరి కంచం అంచున పెట్టేస్తే ఏ మేలూ లేదు, కారప్పొడి చేస్తే ఆకంతా లోపలికి పోతుంది, అందులోనూ ఉప్పు చూసుకుని వేయండి. కారం విషయంలో ఎవరి కడుపు వాళ్లకే తెలుసు, మొలలు, కడుపులో పుండ్లు ఉన్నవాళ్లు తగ్గించుకోవాలి, మిగతావాళ్లకు మిరపకాయ శత్రువేమీ కాదు.

పొయ్యి పైన గూట్లో మసాలా డబ్బాలు పెట్టే అలవాటుంటే అక్కడి నుంచి దించేయండి. ఆవిరి, వేడి తగిలి వాసన ఎగిరిపోతుంది, ఎండుమిర్చికి, ధనియాలకు చెమ్మ తగిలితే బూజు పడుతుంది, ఆ బూజులో కాలేయానికి హాని చేసే విషాలు పుడతాయి. కాస్త బూజు కనిపించినా దులిపి వాడకండి, పారేయండి. పొడులు పదిహేను రోజులకు సరిపడా మాత్రమే కొట్టుకోండి.

చివరికి, మనసు నొప్పించకుండా ఎలా అని అడిగారు. ఆవిడ మాత్రలు మానడం మొండితనం అనుకోకండి. తొమ్మిదేళ్లుగా రోజూ మాత్రలు మింగుతున్న మనిషి, ఊరు వదిలి మీ అపార్ట్‌మెంట్లో ఉంటున్న మనిషి, తన చేతిలో ఏదీ లేదని అనిపించినప్పుడు తనకు బాగా తెలిసిన వంటింటి వైపు తిరిగింది. ఆ వంటిల్లు కూడా తీసేసుకుంటే ఇంకేం మిగులుతుంది? "మీరు చేసేదంతా తప్పు" అని మొదలుపెట్టకండి. "అత్తయ్యా, మెంతులు మంచివేనట, కానీ నీళ్లు కాదు, తినాలట, పిండిలో ఎంత రుబ్బాలో మీరు చూపించండి" అని మొదలుపెట్టండి. మాత్రల మాట మీ నోటితో కంటే మీ ఆయన నోటితో రావడం మంచిది, కొడుకు పక్కన కూర్చుని "అమ్మా, నాకు భయంగా ఉంది" అంటే వినని తల్లులు తక్కువ. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు మెంతుల డబ్బా, దాల్చినచెక్క, క్యాప్సూల్ సీసా అన్నీ సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద పెట్టండి. ఆయన ముందు ఆవిడనే చెప్పనివ్వండి, మధ్యలో మీరు అందుకోకండి.

రేపు పరీక్ష చేయించాక హెచ్‌బీఏ1సీ ఎంత వచ్చిందో, డాక్టరు మాత్రల గురించి ఏమన్నారో నాకు మళ్లీ రాయండి. ఆ అంకె తెలిశాక ఆవిడకు ఏ పూట ఏం వండితే బాగుంటుందో ఇద్దరం కూర్చుని రాసుకుందాం.